లావు పుష్‌రాడ్ల కోసం సిలిండర్ హెడ్ కోత: ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు: అరిగిన గీత

ఇంజిన్ షెవ్రొలే స్మాల్ బ్లాక్ 350. 4 అంగుళాల బోర్, 3.48 అంగుళాల స్ట్రోక్, పోత ఇనుము హెడ్లు. పోయినసారి విప్పినప్పుడు క్యామ్ (వాల్వులు ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే, ఉబ్బులున్న ఇరుసు) మార్చి, దానికి తగ్గట్టు గట్టి వాల్వ్ స్ప్రింగ్‌లు వేశాను. పుష్‌రాడ్లు, అంటే క్యామ్ తోపుని పైనున్న వాల్వుల వైపు చేర్చే కడ్డీలు, మాత్రం పాతవే, 5/16 అంగుళం మందంవి, ఉంచేశాను. అప్పటి నుంచి 5,800 ఆర్‌పీఎం దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోతోంది. ఇగ్నిషన్ చూశాను, కార్బురేటర్ చూశాను, ఫ్యూయల్ ప్రెషర్ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

ఈరోజు వాల్వ్ కవర్లు తీసి పదహారు పుష్‌రాడ్లూ బయటికి లాగాను. ఒక్కోదాన్ని గాజు పలక మీద దొర్లించి చూస్తే మూడు రాడ్లు సాఫీగా దొర్లలేదు, మధ్యలో పలకకీ రాడ్‌కీ నడుమ వెలుతురు కనిపించింది. అంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి: దాదాపు అన్ని రాడ్ల మీదా ఒకే ఎత్తులో ఒకవైపు మెరిసే గీత ఉంది. అంటే రాడ్ నడిచేటప్పుడు హెడ్‌లోని గాడి అంచుకు రాసుకుంటోంది.

తీసిన రాడ్లనూ లిఫ్టర్లనూ (క్యామ్‌కీ రాడ్‌కీ మధ్య ఉండే ముక్కలు) వరుసగా రంధ్రాలు చేసిన అట్టలో గుచ్చి నంబర్లు వేశాను. ఈ క్యామ్ ఫ్లాట్ ట్యాపెట్ రకం, అంటే లిఫ్టర్ అడుగు నేరుగా క్యామ్ మీద రాసుకుంటుంది. ఏ లిఫ్టర్ ఏ లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) మీద అరిగి కుదురుకుందో అది మళ్లీ ఆ బోర్‌లోకే వెళ్లాలి. తారుమారైతే క్యామ్ పాడవుతుంది. ఈ పని తొందరలో చేయకూడదు.

రెండో రోజు: లెక్కలు

కొత్తగా 3/8 అంగుళం రాడ్లు వేయాలని నిర్ణయించుకున్నాను. నిర్ణయం ముందు తీసుకుని లెక్క తర్వాత చూడటం నాకిష్టం ఉండదు కాబట్టి కాగితం ముందేసుకున్నాను.

వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు నా స్ప్రింగ్ బలం సుమారు 150 కిలోలు. రాకర్ ఆర్మ్ (ఒక కొనని పుష్‌రాడ్ తోస్తే రెండో కొనతో వాల్వ్‌ని నొక్కే మీట) నిష్పత్తి ఈసారి 1.5 నుంచి 1.6కి మారుస్తున్నాను. అంటే పుష్‌రాడ్ మీద పడే బరువు 240 కిలోలు. 5/16 రాడ్, 0.080 అంగుళం గోడ, 198 మిల్లీమీటర్ల పొడవు తీసుకుని లెక్క కడితే 900 కిలోలు దాటితేగానీ అది కూలదు. మరి నా రాడ్లు ఎందుకు వంగాయి?

ఎందుకంటే ఆ లెక్క కదలకుండా నిలబడిన బరువుకి. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది, ప్రతిసారీ ఎనిమిది మిల్లీసెకన్లలోపు తెరుచుకుని మూసుకోవాలి. స్ప్రింగ్ బలంతో పాటు వాల్వ్‌నూ రాకర్‌నూ ఒక్కసారిగా పైకి విసరడానికి పట్టే బలం కూడా రాడ్ మీదే పడుతుంది. రాడ్ అప్పుడు విల్లులా కొద్దిగా వంగుతుంది. వంగిన విల్లు మళ్లీ నిటారు అయ్యేటప్పుడు, క్యామ్ అడగని సమయంలో వాల్వ్‌ని తోస్తుంది. లోబ్ కొన మీద లిఫ్టర్ గాల్లోకి లేస్తుంది, వాల్వ్ సీటు మీద ఎగిరెగిరి పడుతుంది. నేను 5,800 దగ్గర చూసింది ఇదేనని నా నమ్మకం. గాడికి రాసుకోవడం దీన్ని ఇంకా పెంచుతుంది, ఎందుకంటే రాడ్ నడుముకి పక్క నుంచి దెబ్బ తగులుతోంది.

గొట్టం వంగకుండా నిలబడే శక్తి దాని బయటి వ్యాసం నాలుగో ఘాతం నుంచి లోపలి వ్యాసం నాలుగో ఘాతం తీసేస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుంది. గోడ మందం అంతే ఉంచి 5/16 నుంచి 3/8కి వెళ్తే ఆ శక్తి 1.96 రెట్లు, అంటే దాదాపు రెట్టింపు. బరువు మాత్రం 27 శాతమే పెరుగుతుంది. గ్రాముల్లో చెప్పాలంటే రాడ్‌కి 16 గ్రాములు. పుష్‌రాడ్ వాల్వ్ కంటే నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఆ బరువు వాల్వ్ దగ్గర నిష్పత్తి వర్గంతో భాగించినంతే లెక్కకు వస్తుంది: 16ని 2.56తో భాగిస్తే 6 గ్రాములు. ఆరు గ్రాములు మోసి రెట్టింపు గట్టితనం తెచ్చుకోవడం నాకు మంచి బేరంలా కనిపించింది. రాడ్ తేలిగ్గా ఉండాలని సన్నగా ఉంచడం కంటే గట్టిగా ఉండాలని లావు చేయడమే ఈ రకం ఇంజిన్‌లో సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇబ్బందల్లా ఒక్కటే. ఆ రాడ్ ఈ హెడ్‌లో పట్టదు.

మూడో రోజు: హెడ్లు బల్ల మీద

రెండు హెడ్లూ తీసి, వాల్వులు విప్పి, కడిగి బల్ల మీద పెట్టాను.

పాత స్మాల్ బ్లాక్ హెడ్లలో పుష్‌రాడ్ పైన బయటికి వచ్చేచోట సన్నని గాడి ఉంటుంది. అది ఊరికే దారి కాదు. రాకర్ అటూ ఇటూ తిరిగిపోకుండా పుష్‌రాడ్‌ని పట్టుకుని నిలిపేది ఆ గాడే. స్టడ్ (హెడ్‌లో నిలబడి ఉండే బోల్టు) మీద ఊగే రాకర్‌ని వాల్వ్ కొన మీద సూటిగా ఉంచే పని అది చేస్తోంది. ఈ గాడిని వెడల్పు చేసిన క్షణం నుంచి రాకర్‌కి ఆ ఆధారం పోతుంది. కాబట్టి గైడ్ ప్లేట్లు (రాడ్ పక్కకు పోకుండా పట్టుకునే ఉక్కు పలకలు) తప్పనిసరి. గైడ్ ప్లేట్లు కావాలంటే కొట్టి బిగించిన పాత స్టడ్లు తీసేసి మరలున్న స్టడ్లు వేయాలి. మరలున్న స్టడ్లు వేయాలంటే స్టడ్ దిమ్మల పైభాగం మిల్ చేసి, 7/16 అంగుళం, అంగుళానికి 14 మరలు కోసే ట్యాప్ వేయాలి. ఒక రాడ్ లావు చేద్దామంటే పని ఇంత దూరం పాకుతుంది.

గైడ్ ప్లేట్ వేసి గాడిని అలాగే వదిలేస్తే ఇంకా ప్రమాదం. ఒకే రాడ్‌ని రెండుచోట్ల రెండు వేర్వేరు ఆధారాలు పట్టుకుంటాయి. అవి వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఒకే వరుసలో ఉండవు. రాడ్ ఆ రెంటి మధ్య నలిగిపోతుంది. పట్టుకునేది ప్లేట్ ఒక్కటే కావాలి, హెడ్ పూర్తిగా పక్కకు తప్పుకోవాలి.

అదే కారణంతో, 1980ల చివరి నుంచి వచ్చిన హెడ్లలో కనిపించే, కొన దగ్గర రెండు వైపులా రెక్కలున్న రాకర్లు గైడ్ ప్లేట్లతో కలిపి వాడకూడదు. వాటికి వాల్వ్ కొనే ఆధారం.

ఇక 1.6 రాకర్ సంగతి. నిష్పత్తి పెరగాలంటే పుష్‌రాడ్ కూర్చునే గుంట స్టడ్ వైపు జరగాలి. అంటే రాడ్ పైకొన కూడా స్టడ్ వైపు వాలుతుంది. పాత రాడ్ల మీద గీత అటువైపే ఉంది. కొత్త రాకర్‌తో అది ఇంకా దగ్గరవుతుంది. గాడిని వెడల్పు చేస్తే చాలదు, స్టడ్ వైపు పొడవు కూడా పెంచాలి.

నాలుగో రోజు: గోడ ఎంత మందం

ఈ హెడ్‌లో ఇన్‌టేక్ పోర్టులు (సిలిండర్‌లోకి గాలి వెళ్లే దారులు) జంటలుగా ఉంటాయి. ప్రతి జంటకీ అటొకటి ఇటొకటి ఇన్‌టేక్ పుష్‌రాడ్లు నడుస్తాయి. పుష్‌రాడ్ దారికీ పోర్టుకీ మధ్య ఉన్నది ఒకే ఒక్క గోడ. పోర్టులో గాలికి అన్నిటికంటే ఇరుకైన చోటు కూడా అదే. అటు నుంచి పోర్ట్ పెద్దది చేసేవాళ్లు గోడని గీస్తారు, ఇటు నుంచి పుష్‌రాడ్ కోసం నాలాంటి వాళ్లు గీస్తారు. ఇద్దరికీ కావలసిన ఇనుము అదే. నా హెడ్లలో పోర్టుల వైపు ఇంతకుముందు ఎవరూ చేయి పెట్టలేదు, అది కొంత ధైర్యం.

అల్ట్రాసోనిక్ మందం మీటర్ అడిగి తెచ్చుకున్నాను. దీన్ని ఉక్కుకి సెట్ చేసి ఉంచుతారు. ఉక్కులో శబ్దం సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో వెళ్తుంది. గ్రే పోత ఇనుములో అంతకంటే నెమ్మది, పైగా ఇనుము రకాన్ని బట్టి మారుతుంది. ఉక్కు సెట్టింగ్‌తో పోత ఇనుముని కొలిస్తే ఉన్నదానికంటే మందంగా చూపిస్తుంది. గోడ పలచగా ఉందేమో అని భయపడే పనిలో ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అందుకే హెడ్ చివర మైక్రోమీటర్‌కి అందే చోట మందం కొలిచి, మీటర్‌లో అదే అంకె వచ్చేదాకా వేగం సరిచేశాను.

ఎనిమిది ఇన్‌టేక్ గోడలూ పోర్టు వైపు నుంచి, మధ్య ఎత్తులో కొలిచాను. 4.3, 4.1, 3.8, 4.2, 4.0, 3.6, 4.1, 3.9 మిల్లీమీటర్లు. ఒకే అచ్చులో పోసిన రెండు హెడ్లలో ఇంత తేడా ఎందుకంటే, పోత పోసేటప్పుడు పోర్టు ఆకారంలో పెట్టే ఇసుక కోర్ కొద్దిగా జరుగుతుంది. అటు జరిగితే ఒక గోడ లావు, ఇంకో గోడ సన్నం.

నేను గీసుకున్న హద్దు: కోత అయ్యాక ఎక్కడా 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పాత గాడి వెడల్పు 8.2. కొత్త రాడ్ 9.53, చుట్టూ ఒక మిల్లీమీటర్ పైచిలుకు ఖాళీ కావాలి కాబట్టి 11.7 వెడల్పు. పోర్టు వైపు 1.75 పోతుంది. ఆరో సిలిండర్ దగ్గర 3.6లో 1.75 పోతే 1.85. హద్దు కంటే తక్కువ. అక్కడ కోతని పోర్టుకి దూరంగా కాస్త పక్కకు జరుపుదాం అనుకున్నాను. ఈ వాక్యం తర్వాత పనికొస్తుంది కాబట్టి రాసిపెడుతున్నాను.

ఎగ్జాస్ట్ రాడ్ల దగ్గర ఇనుము దండిగా ఉంది. అక్కడ 12.7కి వెళ్లొచ్చు.

ఆరో రోజు: మిల్లింగ్

మిల్లింగ్ మెషిన్ ఉన్న మిత్రుడి దగ్గరికి హెడ్లు తీసుకెళ్లాను. నాకంటే చాలా ఏళ్ల అనుభవం ఉన్నవాడు. నా కాగితం మీద పాత గాడుల మధ్య గీతలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"రంధ్రం మధ్య చూసి కొయ్యకు. రాడ్ నడిచే దారి చూసి కొయ్యాలి. రాడ్ ఎక్కడుంటుందో ఇంకా నీకే తెలీదు కదా?"

నిజమే. గైడ్ ప్లేట్ ఎక్కడ బిగిస్తే అక్కడ రాడ్ ఉంటుంది. గైడ్ ప్లేట్ ఎక్కడ బిగించాలో రాకర్ కొన వాల్వ్ కొన మధ్యలో కూర్చోవడాన్ని బట్టి తెలుస్తుంది. కాబట్టి ముందు స్టడ్ పని, తర్వాత ప్లేట్లు, తర్వాత రాకర్లు, ఆఖరికి కోత. నేను సరిగ్గా తలకిందులుగా వెళ్లబోయాను.

ఆరోజు స్టడ్ దిమ్మలు మాత్రం మిల్ చేశాం. స్టడ్ షడ్భుజి తల ఎత్తు, ప్లేట్ మందం కలిపి ఎంతో అంత కిందికి దించాలి, లేకపోతే రాకర్ మొత్తం పైకి లేచిపోతుంది. ట్యాప్ కూడా మిల్ స్పిండిల్‌లో పెట్టి, చేత్తో తిప్పుతూ వేశాం. చేతిలో పట్టుకుని వేసిన ట్యాప్ ఒక్క డిగ్రీ వాలినా పైన రాకర్ పక్కకు చూస్తుంది.

ఎనిమిదో రోజు: రాడ్ దారి గుర్తించడం

కొన్ని పాత రాడ్లు, స్టడ్లు, వదులుగా గైడ్ ప్లేట్లు, కొత్త రోలర్ రాకర్లు. హెడ్‌ని పాత గాస్కెట్‌తో బ్లాక్ మీద నాలుగు బోల్టులతో కూర్చోబెట్టాను. అసలు స్ప్రింగ్‌ల బదులు వేలితో నొక్కితే దిగే మెత్తని స్ప్రింగ్‌లు పెట్టాను. లోపల నూనెతో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్ బదులు అదే ఎత్తున్న గట్టి లిఫ్టర్ పెట్టాను. హైడ్రాలిక్ లిఫ్టర్ కొలతల సమయంలో కుంగిపోయి మనల్ని మోసం చేస్తుంది.

రాకర్ కొనని వాల్వ్ మధ్యకి తెచ్చి ప్లేట్ బిగించి, రాడ్ నిలబడే చోట గాడి చుట్టూ నీలం పూసి సూదితో గీతలు గీశాను. పదహారింటికి పదహారు. మిత్రుడు చెప్పిన మాట ఇక్కడ కళ్లకు కట్టింది: పాత గాడి మధ్యకీ కొత్త రాడ్ మధ్యకీ ఎక్కడా పొంతన లేదు. కొన్నిచోట్ల అర మిల్లీమీటర్, రెండుచోట్ల మిల్లీమీటర్‌కి పైనే తేడా. పాత మధ్యల ప్రకారం కోసి ఉంటే సగం రాడ్లు మళ్లీ ఒకవైపు రాసుకునేవి.

ఇదే సమయంలో పుష్‌రాడ్ పొడవు కూడా తేల్చాను. పొడవు మార్చుకోగలిగే కొలత రాడ్ పెట్టి, వాల్వ్ కొన మీద మార్కర్ పూసి, ఇంజిన్ రెండు చుట్లు తిప్పి, రోలర్ గీసిన చార చూడాలి. చార సన్నగా ఉండాలి, కొన మధ్య మూడో భాగంలో ఉండాలి. నాకు 7.850 అంగుళాల దగ్గర బాగా వచ్చింది. పాత రాడ్ 7.8 దగ్గరుండేది.

తొమ్మిదో రోజు: కోత

గాడిలో డ్రిల్ బిట్ పెట్టకూడదు. రెండు వైపులా లోహం లేని చోట బిట్ ఒక అంచుని కొరికి పక్కకు లాగేస్తుంది. ఎండ్ మిల్ (పక్క అంచులతో కూడా కోసే బిట్) కావాలి, హెడ్ కదలకుండా బిగించి ఉండాలి. పుష్‌రాడ్లు హెడ్ అడుగు తలానికి నిటారుగా ఉండవు కాబట్టి రాడ్ వాలుకి తగ్గట్టు హెడ్‌ని వంచి బిగించాం. ఆ వాలు కోసం గైడ్ ప్లేట్‌లో నిలబెట్టిన కొత్త రాడ్‌కి డయల్ గేజ్ ఆనించి సరిచూశాం.

పై గాడులన్నీ మిల్‌తో రెండు గంటల్లో అయిపోయాయి. పోత ఇనుముని పొడిగానే కోయాలి, నూనె వేస్తే పొడి బురదలా మారి అంచుల్లో అతుక్కుంటుంది. ఆ నల్లటి పొడిలో గ్రాఫైట్ ఉంటుంది, ముక్కుకి మాస్క్ లేకుండా ఈ పని చేయొద్దు.

మిల్ అందని పని బర్‌ది, అంటే తిరుగుతూ లోహాన్ని గీకే చిన్న కోత తలది. గాడి కింద, పోతలోనే వదిలిన దారి గరుకుగా ఉంటుంది. కొన్నిచోట్ల పోర్టు గోడ ఈ దారిలోకి ఉబ్బి ఉంటుంది. ఆరు అంగుళాల పొడవు కాడ ఉన్న కార్బైడ్ బర్‌ని డై గ్రైండర్‌కి తగిలించి, కొత్త రాడ్‌కి నీలం పూసి దింపి, అంటిన చోట కొద్దికొద్దిగా గీస్తూ వెళ్లాను. పోత ఇనుముకి అడ్డంగా గాట్లున్న డబుల్ కట్ బర్ బాగుంటుంది. పొడవు కాడ బర్‌ని గాల్లో పూర్తి వేగంతో తిప్పకూడదు. కాడ వంగి కొరడాలా కొడుతుంది. ముందు లోహానికి ఆనించి, తర్వాత వేగం పెంచాలి.

ఒక రోజులో ఎడమ హెడ్ మొత్తం పూర్తి. 1, 3, 5, 7 ఇన్‌టేక్ గోడలు కోత తర్వాత 2.5, 2.3, 2.1, 2.4. చాలా సంతోషంగా పడుకున్నాను.

పదో రోజు: ఆరో నంబర్

కుడి హెడ్‌లో 2, 4 బాగానే వచ్చాయి. ఆరో నంబర్ ఇన్‌టేక్ దారిలో కింద చిన్న ఉబ్బు. నాలుగు సార్లు బర్ తాకించి, రాడ్ దింపి చూశాను. ఇంకా అంటుతోంది. ఐదోసారి బర్ శబ్దం మారింది. గరగరలాడేది ఒక్కసారిగా పలచబడి, డబ్బా మీద గీసినట్టు వినిపించింది. చెయ్యి వెంటనే వెనక్కి తీశాను, అప్పటికే ఆలస్యమైంది. పోర్టులో టార్చ్ పెడితే ఇటువైపు ఆవగింజంత వెలుగు.

కాసేపు బల్ల దగ్గర అలాగే కూర్చున్నాను.

తర్వాత మీటర్ తెచ్చి ఆ గోడనే పై నుంచి కింది దాకా కొలిచాను. మధ్యలో నేను రాసుకున్న 3.6 నిజమే. దానికి 12 మిల్లీమీటర్ల కింద, కోయని చోట కూడా 1.6 మాత్రమే. కోర్ జరగడమే కాదు, కొద్దిగా ఒరిగింది కూడా. గోడ పైన లావు, కింద సన్నం. నేను ఒక్క ఎత్తులో ఒక్క కొలత తీసుకుని గోడ మొత్తం అంతే అనుకున్నాను. ఒక్కో గోడకి కనీసం మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండుచోట్ల కొలవాలి. అలా చేసి ఉంటే అక్కడ ఉబ్బుని బర్‌తో ముట్టుకునేవాణ్ణే కాదు, ముందే గొట్టం వేసేవాణ్ణి.

ఎనిమిదో నంబర్‌ని అలా కొలిచాకే కోశాను. కింద 3.4, నిశ్చింత.

ఇలాంటి చిల్లు వదిలేస్తే ఏమవుతుందో చెప్పాలి. పుష్‌రాడ్ దారి నిండా నూనె తుంపర ఉంటుంది. ఇన్‌టేక్ పోర్టులో వాక్యూమ్ ఉంటుంది. పోర్టు ఆ నూనెని పీల్చి కాలుస్తుంది, నీలం పొగ వస్తుంది, ఆ సిలిండర్‌కి మిశ్రమం పలచబడుతుంది, ఐడిల్ ఊగుతుంది. వాల్వ్ సీల్ పోయిందనుకుని మనం వాల్వుల చుట్టూ తిరుగుతుంటాం.

పన్నెండో రోజు: గొట్టం

ఆరో నంబర్ దారిని 12.7 మిల్లీమీటర్లకి రీమ్ చేశాం, అంటే సరిగ్గా ఆ కొలతకి గుండ్రంగా వెడల్పు చేశాం. చిల్లు కాస్త పెద్దదైంది, అది ముందే తెలుసు. 12.7 బయటి వ్యాసం, అర మిల్లీమీటర్ గోడ ఉన్న ఉక్కు గొట్టం ముక్క కోసి, బయటి వైపు ఎమెరీతో గరుకు చేసి, అసిటోన్‌తో రెండింటినీ జిడ్డు లేకుండా తుడిచాను. ఇనుము పొడి కలిపిన వేడి తట్టుకునే ఎపాక్సీ పూసి గొట్టం దింపాను. కిందికి జారకుండా పై అంచుని కొద్దిగా వెడల్పు చేశాను. పోర్టు లోపల గొట్టం వీపు కనిపించే చోట ఎపాక్సీతో నింపి, ఎండాక నునుపు చేశాను.

లోపలి వ్యాసం 11.7. రాడ్ చుట్టూ 1.08 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది. ఇన్‌టేక్ పోర్టు ఎగ్జాస్ట్‌లా కాలదు, లోపలికి వచ్చే గాలి, పెట్రోలు దాన్ని చల్లబరుస్తూనే ఉంటాయి. అందుకే ఎపాక్సీని ఇక్కడ నమ్మొచ్చు. ఎగ్జాస్ట్ వైపు ఇదే చిల్లు పడి ఉంటే ఆ హెడ్‌ని పక్కన పెట్టేసేవాణ్ణి.

రెండు రోజులు ఆరనిచ్చి, వాల్వ్ మూసి, పోర్టులో కిరోసిన్ నింపి రాత్రంతా ఉంచాను. పుష్‌రాడ్ దారిలో పెట్టిన తెల్ల కాగితం ఉదయానికి పొడిగానే ఉంది. మిగతా ఏడు పోర్టులకీ అదే పరీక్ష చేశాను. టార్చ్ వెలుగు పట్టుకోలేని సన్నని చిల్లుని కూడా కిరోసిన్ పట్టుకుంటుంది.

పదిహేనో రోజు: కడగడం, కొత్త రాడ్లు

కడగడానికి కోతకి పట్టినంత సమయమూ పట్టింది. పోత ఇనుము పొడి బేరింగ్‌లో పడితే అది ఎమెరీ కాగితమే. వేడి సబ్బు నీళ్లు, గొట్టం బ్రష్‌లు, ప్రతి నూనె దారిలో, ప్రతి బోల్ట్ రంధ్రంలో గాలి. ఆరిన వెంటనే పల్చటి నూనె పూయాలి, కడిగిన పోత ఇనుము చూస్తుండగానే తుప్పు పడుతుంది. కొలతల కోసం హెడ్ కూర్చోబెట్టినప్పుడు లిఫ్టర్ లోయంతా గుడ్డలతో కప్పి ఉంచాను కాబట్టి బ్లాక్ శుభ్రంగానే ఉంది.

రాడ్లు క్రోమోలీ గొట్టంతో చేసినవి, పైపొర గట్టిపరిచినవి. గైడ్ ప్లేట్ గట్టి ఉక్కు. దాని మధ్య మెత్తని రాడ్ తిరిగితే రాడ్ అరిగి ఆ పొడి నూనెలో కలుస్తుంది. ఒక మూల సన్నని ఆకురాయి పెట్టి చూశాను, కొరకకుండా జారిపోయింది. రాడ్ 3/8 అయినా రెండు కొనల గుండ్లు 5/16వే, కాబట్టి లిఫ్టర్ గుంటలోనూ రాకర్ గుంటలోనూ మామూలుగానే కూర్చుంటుంది. అయితే రాడ్ భుజం రాకర్ అడుగుకి తగులుతుందేమో పూర్తి లిఫ్ట్ దగ్గర చూడాలి. నాకు ఫీలర్ గేజ్‌లో 0.8 మిల్లీమీటర్ బ్లేడు దూరింది.

పదహారో రోజు: ఆఖరి కొలతలు

మళ్లీ మెత్తని స్ప్రింగ్‌లు, ఈసారి అసలు రాడ్లు. ఒక్కో వాల్వ్‌ని మూసిన స్థితి నుంచి పూర్తి లిఫ్ట్ దాకా, మళ్లీ కిందికి, చేత్తో తిప్పుతూ రాడ్ చుట్టూ ఒక మిల్లీమీటర్ తీగ తిప్పాను. మూసినప్పుడు ఖాళీ ఉంటే చాలదు. రాకర్ ఊగుతున్న కొద్దీ రాడ్ పైకొన ముందుకు వెళ్లి వెనక్కి వస్తుంది, అసలు ఇరుకు సగం లిఫ్ట్ దగ్గర బయటపడొచ్చు. పదిహేను పాసయ్యాయి. ఏడో ఎగ్జాస్ట్ స్టడ్ వైపు పట్టింది. హెడ్ మళ్లీ విప్పి, గాడిని అటువైపు అర మిల్లీమీటర్ పొడిగించి, మళ్లీ కడిగాను. ఒక పూట పోయింది.

లిఫ్ట్ పెరిగింది కాబట్టి పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య దూరం కూడా చూశాను. లోబ్ లిఫ్ట్ 0.320 అంగుళం. 1.5 రాకర్‌తో 0.480 వచ్చేది, 1.6తో 0.512. పిస్టన్ మీద మట్టి పెట్టి తిప్పి, కోసి కొలిస్తే ఇన్‌టేక్‌కి 0.110, ఎగ్జాస్ట్‌కి 0.135 అంగుళం. ఇన్‌టేక్‌కి 0.080, ఎగ్జాస్ట్‌కి 0.100 కనీసం ఉండాలనేది నేను పాటించే లెక్క.

పద్దెనిమిదో రోజు: బిగింపు, స్టార్ట్

కొత్త గాస్కెట్లు, అసలు స్ప్రింగ్‌లు. హెడ్‌కి 17 బోల్టులు, వాటి రంధ్రాలు నీళ్ల దారిలోకి తెరుచుకుంటాయి కాబట్టి ప్రతి మరకీ సీలెంట్. మధ్య నుంచి బయటికి, 25, 45, 65 పౌండ్-అడుగులు, మూడు విడతలు.

హైడ్రాలిక్ లిఫ్టర్ల సర్దుబాటు: ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోవడం మొదలైనప్పుడు ఆ సిలిండర్ ఇన్‌టేక్, ఇన్‌టేక్ మూసుకోబోతున్నప్పుడు ఎగ్జాస్ట్. రాడ్‌ని పైకీ కిందికీ కదిపి వదులు పోయిన చోటు పట్టుకుని, అక్కడి నుంచి అర చుట్టు. రాడ్‌ని వేళ్లతో తిప్పి చూసి పట్టుకోవడం నాకు ఎప్పుడూ సరిగా రాలేదు, లిఫ్టర్ లోపల నూనె ఉంటే ఒకలా, లేకపోతే ఒకలా అనిపిస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆయిల్ పంప్ షాఫ్ట్‌ని డ్రిల్‌తో తిప్పాను. ఈ ఇంజిన్‌లో నూనె పుష్‌రాడ్ల లోపలి నుంచే రాకర్లకి ఎక్కుతుంది. క్రాంక్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ, పదహారు రాకర్ల మీదా నూనె కనిపించాకే డ్రిల్ ఆపాను. ఆరో ఇన్‌టేక్ ఆఖర్న వచ్చింది. ఆ రెండు నిమిషాలు టెన్షన్ పడ్డాను.

మొదటి తిప్పుకే అందుకుంది. ఐడిల్ నిలకడగా ఉంది. పొగ లేదు.

పందొమ్మిదో రోజు

ఇంజిన్ పూర్తిగా వేడెక్కి చల్లారాక కవర్లు తీసి, రాడ్లకి పూసిన మార్కర్ రంగు చూశాను. గైడ్ ప్లేట్ పట్టుకునే చోట తప్ప ఎక్కడా చెరగలేదు. ఆరో నంబర్ స్పార్క్ ప్లగ్ మిగతా వాటిలాగే పొడిగా, లేత గోధుమరంగులో ఉంది. సర్దుబాటు మళ్లీ ఒకసారి చూసి కవర్లు మూశాను.

సాయంత్రం 6,200 దాకా తీసుకెళ్లాను. 5,800 దగ్గర ఆ బిగపట్టడం లేదు, ముల్లు ఆగకుండా పైకి వెళ్లింది. వచ్చాక మళ్లీ కవర్ తీసి నాలుగు రాడ్లు గాజు పలక మీద దొర్లించాను. నాలుగూ సాఫీగా దొర్లాయి. ఇంకో వెయ్యి కిలోమీటర్ల తర్వాత మిగతా పన్నెండూ తీసి చూస్తాను, ఆరో పోర్టులో టార్చ్ కూడా పెడతాను.